బెంజోడయజిపీన్ మందులను క్రమంగా తగ్గించడం: శరీరధర్మం, లెక్క, తెలుగు మాట

వ్యాససంగ్రహం

నిద్రలేమికి, ఆందోళనకు కొద్ది వారాల కోసం రాసే బెంజోడయజిపీన్ మందులు చాలామందిలో ఏళ్ల తరబడి కొనసాగుతాయి. వాటిని ఒక్కసారిగా ఆపడం ప్రమాదకరం; మెల్లగా తగ్గించడం సాధ్యం. ఆ తగ్గింపు ఎందుకు నెమ్మదిగా సాగాలో, చివరి మెట్లు మొదటి మెట్లకన్నా ఎందుకు చిన్నవిగా ఉండాలో ఈ వ్యాసం శరీరధర్మం ఆధారంగా వివరిస్తుంది. 2015లో తెలంగాణ జిల్లాల్లో కల్తీ కల్లు సరఫరా హఠాత్తుగా తగ్గినప్పుడు ఏర్పడిన పరిస్థితిని ఉదాహరణగా తీసుకుంటుంది. ‘వ్యసనం’, ‘అలవాటు’, ‘ఉపసంహరణ’ వంటి మాటలు ఈ విషయాన్ని ఎక్కడ స్పష్టం చేస్తున్నాయో, ఎక్కడ మసకబారుస్తున్నాయో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: బెంజోడయజిపీన్, మోతాదు తగ్గింపు, శారీరక ఆధారపాటు, వ్యసనం, కల్తీ కల్లు, వైద్య పరిభాష.

1. విషయ ప్రవేశం

డయజెపామ్, ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్, లోరజెపామ్, నైట్రజెపామ్, క్లోర్‌డయజిపాక్సైడ్. పేర్లు వేరైనా ఇవన్నీ ఒకే రసాయన కుటుంబానికి చెందిన మందులు. మన ఇళ్లలో వీటికి ఈ పేర్లు లేవు. నిద్రమాత్ర, టెన్షన్ మాత్ర, నరాల మాత్ర, గుండెదడ మాత్ర అంటారు. ఒక్కోసారి అది గ్యాస్ మాత్ర కూడా అవుతుంది. కడుపునొప్పికి, పేగుల అలజడికి రాసే కొన్ని మిశ్రమ మాత్రల్లో క్లోర్‌డయజిపాక్సైడ్ కలిసి ఉండటం దీనికి కారణం. కుంగుబాటుకు వాడే ఎస్సిటలోప్రామ్‌తో క్లోనజెపామ్‌ను కలిపి ఒకే మాత్రగా అమ్మడం మనదేశంలో మామూలు. అందువల్ల తాను వాడుతున్నది ఏ వర్గపు మందో తెలియకుండానే మనిషి సంవత్సరాలపాటు వాడుతూ పోవచ్చు.

తెలిసిన రోజున ఏమవుతుందన్నది ఈ వ్యాసానికి అసలు ప్రశ్న. సాధారణంగా రెండు దారులు కనిపిస్తాయి. ‘ఇన్నాళ్లూ మత్తుమందు మింగుతున్నానా’ అన్న సిగ్గుతో ఆ రాత్రే మాత్ర మానేయడం ఒకటి. మానేసిన మూడోనాటికి వచ్చిన బాధకు బెదిరి, ‘ఇది లేకపోతే నేను బతకలేను’ అన్న నిశ్చయానికి వచ్చి జీవితాంతం వాడటం రెండోది. మొదటిది ప్రాణం మీదికి తేవచ్చు. రెండోది వృద్ధాప్యంలో తూలిపడటానికి, తుంటి ఎముక విరగడానికి, జ్ఞాపకశక్తి మందగించడానికి దోహదం చేస్తుంది. ఈ రెండింటికీ మూలం ఒకటే: శరీరం మందుకు సర్దుకోవడమంటే ఏమిటో మనకున్న మాటల్లో సరిగా చెప్పుకోలేకపోవడం. వైద్యేతర రంగానికి చెందిన భాషాధ్యాపకులు ఈ విషయాన్ని పట్టించుకోవలసిన కారణం ఇక్కడే ఉంది. మోతాదు నిర్ణయం వైద్యుడిది. ఆ నిర్ణయం రోగికి అర్థమయ్యే వాక్యంగా మారడం భాషకు సంబంధించిన పని.

2. మందు ముందు, హెచ్చరిక వెనుక

ఈ మందుల చరిత్ర అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, నట్లీ పట్టణంలోని హాఫ్‌మన్-లా రోష్ ప్రయోగశాలలో మొదలైంది. రసాయన శాస్త్రవేత్త లియో స్టెర్న్‌బాక్ తయారుచేసి పక్కన పెట్టేసిన ఒక పదార్థం 1957లో ప్రయోగశాల బల్లలు సర్దుతున్నప్పుడు మళ్లీ బయటపడింది. పరీక్షకు పంపితే జంతువులను శాంతపరిచే గుణం అందులో కనిపించింది. అది క్లోర్‌డయజిపాక్సైడ్, 1960లో విపణిలోకి వచ్చింది. 1963లో డయజెపామ్ వచ్చింది. అంతకుముందు వాడుకలో ఉన్న బార్బిట్యురేట్లు మోతాదు కొంచెం మించితేనే ఊపిరి ఆపేసేవి. వాటితో పోలిస్తే ఇవి నిజంగానే మేలైనవి. ఈ మాట చెప్పకుండా వీటిని ఆడిపోసుకోవడం న్యాయం కాదు. ఫిట్స్ ఆపడానికి, తీవ్రమైన భయోత్పాతాన్ని అదుపు చేయడానికి, శస్త్రచికిత్సకు ముందు ఇవి నేటికీ అవసరమే.

అయితే హెచ్చరిక కూడా అప్పుడే వచ్చింది. 1961లో లియో హాలిస్టర్ బృందం నెలలపాటు ఎక్కువ మోతాదులో క్లోర్‌డయజిపాక్సైడ్ తీసుకున్న పదకొండు మందికి దాన్ని హఠాత్తుగా ఆపి చూసింది. పదిమందిలో కొత్త బాధలు కనిపించాయి. ఇద్దరికి ఫిట్స్ వచ్చాయి. ఎక్కువ మోతాదు కాబట్టి అలా జరిగిందని వైద్యలోకం సరిపెట్టుకుంది. మామూలు మోతాదులో వాడినవారికీ ఇదే జరగగలదని లండన్‌లో మాల్కమ్ లేడర్ వంటివారు గట్టిగా చెప్పేసరికి 1980 దశకం వచ్చింది. బ్రిటన్ ఔషధ భద్రతా సంఘం 1988లో వీటి వాడకాన్ని రెండు నుంచి నాలుగు వారాలకు పరిమితం చేయాలని సూచించింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ శారీరక ఆధారపాటు గురించి పెట్టెలో అచ్చువేసే తీవ్ర హెచ్చరికను ఈ వర్గం మందులన్నింటికీ చేర్చింది 2020లో. మనదేశంలో 2014 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చిన షెడ్యూల్ హెచ్-1లో ఆల్ప్రజోలామ్, డయజెపామ్, నైట్రజెపామ్ వంటివి ఉన్నాయి. వాటిని అమ్మిన దుకాణదారు కొనుగోలు చేసినవారి పేరు, రాసిన వైద్యుడి పేరు, పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేసి మూడేళ్లు భద్రపరచాలి. చట్టం అమ్మకాన్ని చూస్తుంది. మానుకోదలచినవాడి సంగతి దాని పరిధిలో లేదు.

3. కావడి సర్దుబాటు

మెదడులో నాడీకణాలను ఉత్తేజపరిచే రసాయనాలు, శాంతపరిచే రసాయనాలు రెండూ నిరంతరం పనిచేస్తూ ఉంటాయి. ఉత్తేజపరిచేవాటిలో ప్రధానమైనది గ్లుటమేట్. శాంతపరిచేది గామా అమినో బ్యుటిరిక్ ఆమ్లం. పొట్టిగా గాబా అంటారు. గాబా తన గ్రాహకాన్ని తాకినప్పుడు ఆ గ్రాహకంలోని ద్వారం తెరుచుకొని క్లోరైడ్ అయాన్లు నాడీకణంలోకి వెళతాయి. కణం నెమ్మదిస్తుంది. బెంజోడయజిపీన్ ఆ ద్వారాన్ని తానుగా తెరవదు. గ్రాహకం మీద మరొకచోట కూర్చొని, గాబా వచ్చినప్పుడు ద్వారం మరింత తరచుగా తెరుచుకునేలా చేస్తుంది. అంటే అది ఉన్న శాంతిని పెంచి చూపిస్తుంది, కొత్త శాంతిని పుట్టించదు.

ఈ రెండు బలాలను కావడికి అటూ ఇటూ వేలాడే బుట్టలనుకోవచ్చు. ఒక బుట్టలో బరువు పెరిగితే మోసేవాడు బద్దను భుజం మీద కొంచెం జరుపుకొని మళ్లీ సమంగా నడుస్తాడు. మెదడు చేసేదీ అదే. రోజూ మందు వస్తుంటే గాబా గ్రాహకాలు మందుకు స్పందించడం తగ్గిస్తాయి. ఉత్తేజపరిచే వ్యవస్థ తన చురుకుదనం పెంచుకుంటుంది. కొన్ని వారాల్లోనే ఈ సర్దుబాటు మొదలవుతుంది. అందుకే మొదట్లో అరమాత్రకు పట్టిన నిద్ర తరువాత మాత్రకు గానీ పట్టదు. ఇప్పుడు ఆ అదనపు బరువును ఒక్కసారిగా తీసేస్తే భుజం మాత్రం జరిపిన చోటే ఉంటుంది. రెండో బుట్ట నేలకు తగులుతుంది. నిద్ర పూర్తిగా పోవడం, వణుకు, చెమటలు, గుండెదడ, మామూలు వెలుతురు, చిన్న చప్పుడు కూడా భరించలేకపోవడం, ఒళ్లంతా చీమలు పాకినట్లుండటం, తీవ్రమైతే మతిభ్రమ, ఫిట్స్. ఇవన్నీ ఆ తూలుడు రూపాలే.

భుజం తిరిగి పాతచోటికి జరగడానికి కాలం పడుతుంది. ఎంత కాలమన్నది వాడిన సంవత్సరాలను బట్టి, మోతాదును బట్టి, వయసును బట్టి మారుతుంది. మందు శరీరంలోంచి ఎంత వేగంగా పోతుందన్నది మరో కారణం. ఆల్ప్రజోలామ్ సగం తగ్గడానికి సుమారు 11 గంటలు చాలు. క్లోనజెపామ్‌కు ఒక రోజుకు పైగా పడుతుంది. డయజెపామ్, దాని నుంచి శరీరంలో పుట్టే మరో చురుకైన పదార్థం రోజుల తరబడి నిలుస్తాయి. ఆల్ప్రజోలామ్ వాడేవారిలో కొందరికి రాత్రి వేసుకున్న మాత్ర తెల్లవారుజాముకే పలచబడి, కారణం తెలియని గాబరాతో మెలకువ వస్తుంది. దాన్ని జబ్బు ముదిరిందనుకొని మధ్యాహ్నం మరో మాత్ర చేర్చుకుంటారు. మందు లోటు వల్ల కలిగిన బాధకు మందే విరుగుడుగా కనిపించడం ఈ వర్గంలో ఉన్న అసలు చిక్కు.

4. మోతాదు తెలియని జనం: కల్తీ కల్లు

మందు ఒక్కసారిగా ఆగితే ఏమవుతుందో తెలుగు నేలకు పుస్తకాలు చెప్పనవసరం లేదు. తెలంగాణలోని పలు ప్రాంతాల్లో తాటికల్లు, ఈతకల్లు చాలినంత దొరకనిచోట నీళ్లలో చక్కెరో శాకరిన్నో కలిపి, మత్తు కోసం ఆల్ప్రజోలామ్, డయజెపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటివి చేర్చి అమ్మే తయారీ కల్లు ఏళ్లుగా నడుస్తున్న వ్యవహారం. తాగేవారిలో కూలీనాలీ చేసుకునే స్త్రీలు, వృద్ధులు చాలామంది. వారి దృష్టిలో వారు తాగింది కల్లే.

2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ మీద కట్టుదిట్టం చేసింది. మత్తుపదార్థం కలపని కల్లు వచ్చింది, లేదా కల్లే రాలేదు. కొద్ది రోజుల్లోనే నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో ఆసుపత్రులకు జనం బారులు తీరారు. చేతులు వణకడం, నిద్ర లేకపోవడం, పొంతన లేని మాటలు, లేనివి కనిపించడం, ఫిట్స్ కనిపించాయి. పత్రికల భాషలో దానికి దొరికిన పేరు ‘వింత ప్రవర్తన’. వైద్యుడి కంటికి అది వింత కాదు, 1961లోనే నమోదైన పరిణామం. మద్యం, క్లోరల్ హైడ్రేట్ కూడా కలిసి ఉండటం వల్ల దీన్ని కేవలం బెంజోడయజిపీన్ లోటుగా లెక్కించలేమన్న మాట నిజమే. అయినా చిత్రం స్పష్టం.

ఈ ఉదాహరణలో గమనించదగినవి రెండు. సదుద్దేశంతో చేసిన పని కూడా హఠాత్తుగా చేస్తే హాని చేస్తుందన్నది మొదటిది. కల్తీని అరికట్టడం తప్పని ఎవరూ అనరు. తాగేవారి శరీరాలు అప్పటికే సర్దుకొని ఉన్నాయన్న అంచనా, వారికి చికిత్స ఏర్పాటు ముందుగా ఉండవలసింది. రెండోది ఇంకా ముఖ్యం. ఆ జనం రోజుకు ఎన్ని మిల్లీగ్రాములు తాగుతున్నారో వారికీ తెలియదు, అమ్మినవారికీ తెలియదు. కాబట్టి తగ్గించడానికి లెక్క లేదు. అదే వర్గపు మందును తెలిసిన మోతాదులో ఇచ్చి, మనిషిని నిలబెట్టి, అక్కడినుంచి మెల్లగా తగ్గించుకుంటూ రావడం ఇలాంటప్పుడు ప్రామాణిక చికిత్స. చీటీ మీద మాత్ర వాడుతున్నవారికి ఈ కష్టం లేదు. తాను ఎంత తీసుకుంటున్నాడో అతనికి తెలుసు. తగ్గింపుకు ఉండవలసిన మొదటి ఆధారం అదే.

5. తీసివేత కాదు, నిష్పత్తి

తగ్గించడమంటే రోజుకొకటి తీసివేస్తూ పోవడమని సాధారణంగా అనుకుంటాం. రోజుకు 2 మిల్లీగ్రాముల క్లోనజెపామ్ వాడే మనిషి ప్రతిసారీ 0.25 మిల్లీగ్రాముల చొప్పున తగ్గించాడనుకుందాం. మొదటి మెట్టులో అతని శరీరం కోల్పోయింది ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం. 1 నుంచి 0.75కు దిగేటప్పుడు 25 శాతం. 0.5 నుంచి 0.25కు దిగితే 50 శాతం. 0.25 నుంచి సున్నాకు దిగితే నూటికి నూరు శాతం. కాగితం మీద సమానంగా ఉన్న మెట్లు శరీరానికి రానురాను ఎత్తవుతూ పోతాయి. పైగా మందు మోతాదుకు, అది గ్రాహకాల మీద చూపే ప్రభావానికి మధ్య ఉన్న సంబంధం సరళరేఖ కాదు. తక్కువ మోతాదుల దగ్గర చిన్న మార్పు కూడా పెద్ద ప్రభావం చూపుతుంది. ‘అంతా బాగానే తగ్గించాను, చివరి పావుమాత్ర దగ్గరే ఆగిపోయాను’ అనే మాటకు కారణం సంకల్పబలం లేకపోవడం కాదు, ఈ లెక్క.

అందుకే ప్రస్తుతం ఉన్న మోతాదులో ఇంత శాతం అని తగ్గిస్తారు. అమెరికన్ సొసైటీ ఆఫ్ అడిక్షన్ మెడిసిన్, మరికొన్ని వైద్య సంఘాలు కలిసి 2025లో వెలువరించిన మార్గదర్శకాలు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి 5 నుంచి 10 శాతం తగ్గింపుతో మొదలుపెట్టడాన్ని పరిశీలించమన్నాయి. రెండు వారాలకు 25 శాతం మించకూడదన్నాయి. పైన చెప్పిన మనిషి రెండు వారాలకొకసారి ఉన్న మోతాదులో 10 శాతం తగ్గిస్తే 2 నుంచి 1.8కి, అక్కడినుంచి 1.62కు, తరువాత 1.46కు దిగుతాడు. ఏడు మెట్లకు సగం దాటుతాడు. ఇరవై మెట్లకు, అంటే నలభై వారాలకు, 0.24 దగ్గర ఉంటాడు. ఏడాది దాకా పట్టే ప్రయాణమిది. కొందరికి ఇంత నెమ్మది అక్కరలేదు, కొందరికి ఇదీ వేగమే. క్యాలెండరు మనిషిని నడపడం కాదు, మనిషే క్యాలెండరును నడపాలి. ఒక మెట్టు దిగాక బాధ ఎక్కువైతే అక్కడే మరికొన్ని వారాలు ఆగవచ్చు. మళ్లీ పైమెట్టుకు ఎక్కడం కన్నా ఉన్నమెట్టు మీద నిలవడం మేలని ఈ రంగంలో ఎక్కువ అనుభవమున్నవారి అభిప్రాయం.

ఆ అనుభవం పేరు చెప్పగానే గుర్తుకొచ్చేది హెదర్ ఆష్టన్. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో 1982 నుంచి 1994 వరకు ఈ మందులు మానుకోదలచినవారి కోసమే ఆమె ఒక క్లినిక్ నడిపారు. ఆ అనుభవసారాన్ని కరదీపికగా రాశారు. ఆల్ప్రజోలామ్, లోరజెపామ్ వంటి త్వరగా కరిగిపోయే మందును కొంచెం కొంచెంగా డయజెపామ్‌లోకి మార్చి, ఆ తరువాత తగ్గించడం ఆమె పద్ధతి. డయజెపామ్ మెల్లగా దిగుతుంది కాబట్టి రోజులో ఎత్తుపల్లాలు తక్కువ. ఆమె పట్టిక ప్రకారం 10 మిల్లీగ్రాముల డయజెపామ్‌కు 0.5 ఆల్ప్రజోలామ్, 0.5 క్లోనజెపామ్, 1 లోరజెపామ్ సుమారుగా సమానం. మన పాఠకులు ఈ అంకెల దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ‘పావు మిల్లీగ్రాము చిన్న మాత్రే కదా’ అని మనం అనుకునే ఆల్ప్రజోలామ్, డయజెపామ్ కొలతలో 5 మిల్లీగ్రాములు. అంకె చిన్నదైతే మందు చిన్నదని కాదు. ఈ సమాన పట్టికలు ఒకదానికొకటి పూర్తిగా ఏకీభవించవు. వృద్ధుల్లో, కాలేయం బలహీనంగా ఉన్నవారిలో డయజెపామ్ పేరుకుపోతుంది. కాబట్టి మార్పిడి ఇంట్లో కూర్చొని చేసుకునే లెక్క కాదు.

గతంలో ఫిట్స్ వచ్చినవారు, రోజూ మద్యం తాగేవారు, నల్లమందు వర్గపు నొప్పిమందులు వాడేవారు, గర్భిణులు, చాలా ఎక్కువ మోతాదులో ఉన్నవారు వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఒక్క మెట్టు కూడా దిగకూడదు. కొందరికి ఆసుపత్రిలో చేరి మొదలుపెట్టడమే క్షేమం. అందరూ సున్నాకు చేరి తీరాలన్న నియమం కూడా లేదు. మోతాదు సగానికి తగ్గి, పగటి మగత పోయి, తూలిపడటం తప్పితే అదీ ఒక ఫలితమే.

మన మందుల దుకాణం తెచ్చిపెట్టే చిక్కు ఒకటుంది. పది శాతం తగ్గించాలంటే అంత చిన్న మాత్ర దొరకదు. క్లోనజెపామ్ 0.25 మాత్రను సగం చేయవచ్చు, పావు చేయడం కష్టం, అంతకన్నా చిన్నది పొడే. మిశ్రమ మాత్రతో ఇంకో చిక్కు. ఎస్సిటలోప్రామ్, క్లోనజెపామ్ కలిసిన మాత్రను సగం చేస్తే రెండూ సగమవుతాయి. కుంగుబాటు మందు కూడా హఠాత్తుగా తగ్గి, తల తిరగడం, చిరాకు మొదలవుతాయి. ఏ మందు తగ్గినందుకు ఏ బాధో తేల్చలేం. రెంటినీ విడివిడి మాత్రలుగా రాయమని వైద్యుణ్ణి అడగడం తగ్గింపులో మొదటి మెట్టు. ఈ ఒక్క మాట తెలిసినా చాలామంది సగం దారిలో వెనుదిరగరు.

6. మాటల సంగతి

ఇంగ్లీషులో మూడు వేర్వేరు మాటలున్న మూడు విషయాలను తెలుగు వాడుక ‘అలవాటు’ అన్న ఒక్క మాటలో కలిపేస్తుంది. మందు పనిచేయడం తగ్గి మోతాదు పెంచవలసి రావడం ఒకటి. మందు ఆపితే శరీరం తట్టుకోలేకపోవడం ఒకటి. హాని జరుగుతోందని తెలిసినా మందు వెంట పరుగెత్తడం మరొకటి. ‘మాత్రకు అలవాటు పడ్డాడు’ అంటే ఈ మూడింటిలో ఏదైనా కావచ్చు. రాతభాష అయితే నేరుగా ‘వ్యసనం’ దగ్గరికో ‘బానిస’ దగ్గరికో వెళుతుంది.

వ్యసనం మన సంప్రదాయంలో తేలిక మాట కాదు. సప్తవ్యసనాల జాబితాలో స్త్రీలోలత, జూదం, పానం, వేట, పరుషమైన మాట, కఠినమైన దండన, సొమ్మును దుబారా చేయడం ఉన్నాయి. ఇవన్నీ రాజు తెలిసి చేసే తప్పులు. నిగ్రహం లేకపోవడానికి గుర్తులు. ఆ మాటను వైద్యుడు రాసిన చీటీ ప్రకారం రాత్రి ఒక మాత్ర వేసుకునే రిటైర్డ్ టీచరుకు అంటగడితే ఆమెకు కలిగేది సిగ్గు. ఆ సిగ్గు ఆమె చేత మాత్రను ఆ రాత్రే మాన్పిస్తుంది. ఇక్కడ మాట ప్రాణానికి సంబంధించిన విషయమవుతుంది.

పోల్చి చూస్తే సంగతి తెలుస్తుంది. ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ మందును నెలలపాటు వాడినవారికి వైద్యులు దాన్ని కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. శరీరం తన సొంత స్రావాన్ని తగ్గించుకొని ఉంటుంది కాబట్టి హఠాత్తుగా ఆపితే ప్రమాదం. కొన్ని రక్తపోటు మందుల విషయమూ అంతే. వీరెవరినీ మనం వ్యసనపరులు అనం. బెంజోడయజిపీన్‌కు శరీరం సర్దుకోవడం కూడా ప్రధానంగా ఇలాంటిదే. కొద్దిమందిలో నిజమైన వ్యసనం ఉంటుంది. ఒకరికి ముగ్గురు వైద్యుల చీటీలు ఉండటం, మోతాదు తానే పెంచుకుంటూ పోవడం దాని గుర్తులు. అది వేరే సమస్య, వేరే చికిత్స. ఈ రెంటినీ విడదీయడానికి ‘శారీరక ఆధారపాటు’ అన్న మాట పనికొస్తుంది. కృతకంగా ఉన్నా అందులో నిందలేదు.

‘ఉపసంహరణ లక్షణాలు’ అన్న అనువాదం మీద నాకు నమ్మకం తక్కువ. పాఠ్యగ్రంథాల్లో అది నిలదొక్కుకుంది. అయితే తెలుగు పాఠకుడికి ఉపసంహరణ అంటే నామినేషన్, సమ్మె, సైన్యం గుర్తుకొస్తాయి. తన ఒంటికి సంబంధించిన మాటగా అది వినిపించదు. ‘మందు తగ్గినప్పటి బాధ’ అంటే నాలుగు అక్షరాలు ఎక్కువే గాని కారణం అందులోనే ఉంది. ఈ మాటకు మరో ఉపయోగం కూడా ఉంది. పాత జబ్బు తిరగబెట్టడం వేరు, మందు తగ్గినప్పటి బాధ వేరు అని చెప్పవచ్చు. మోతాదు తగ్గించిన కొద్ది రోజులకు మొదలై, వారాల్లో సద్దుమణుగుతూ, మునుపెన్నడూ లేని వెలుతురు బాధ, చప్పుడు బాధ, కండరాల అదురు వెంట తెచ్చుకుంటే అది సాధారణంగా రెండో రకం. ఈ తేడా తెలియని ఇంట్లో ‘చూశావా, మాత్ర మానితే జబ్బు మళ్లీ వచ్చింది’ అన్న తీర్పు వెలువడుతుంది.

ఒక విషయంలో మాత్రం తెలుగు చాలా సూక్ష్మంగా ఉంది. ‘మాను’ అన్న ధాతువుకు విడిచిపెట్టడమన్న అర్థం ఉంది, గాయం నయమవడమన్న అర్థమూ ఉంది. మాత్ర మానాడు, పుండు మానింది. పుండు మానడానికి తేదీ నిర్ణయించలేం. పైపొర గిల్లితే మళ్లీ మొదటికొస్తుంది. పసిబిడ్డకు పాలు మాన్పించే తల్లి కూడా ఒక పూట పాలు తప్పించి, ఆ పూటకు మరో ఆహారం అలవాటు చేసి, ఆ తరువాతే రెండో పూట జోలికి పోతుంది. రోగితో మాట్లాడేటప్పుడు ‘మానేయడం’ కన్నా ‘మాన్పించుకుంటూ రావడం’ అన్న క్రియ ఎంచుకోదగినది.

7. ఎనిమిది పుటల పుస్తకం

మాట మార్చితే నిజంగా ఫలితం ఉంటుందా అన్న సందేహం సహజం. కెనడాలోని క్యూబెక్‌లో కారా టానెన్‌బామ్ బృందం దాన్ని పరీక్షించి 2014లో ప్రచురించింది. దీర్ఘకాలంగా ఈ మందులు వాడుతున్న 65 ఏళ్లు దాటినవారిని మందుల దుకాణాల ద్వారా ఎంచుకున్నారు. వారిలో కొందరికి ఎనిమిది పుటల చిన్న పుస్తకం తపాలాలో పంపారు. ఆరో తరగతి చదివినవారికి అర్థమయ్యే భాష, పెద్ద అక్షరాలు. అందులో తన జ్ఞానాన్ని తానే పరీక్షించుకునే ప్రశ్నలు, మందు వల్ల కలిగే హాని వివరణ, మానుకున్న ఒక పెద్దామె కథ, 21 వారాల తగ్గింపు పట్టిక ఉన్నాయి. పట్టికలో అంకెలు లేవు. నిండు మాత్ర, అరమాత్ర, పావుమాత్ర బొమ్మలు ఉన్నాయి. వైద్యుడితోగాని, మందుల దుకాణదారుతోగాని మాట్లాడమన్న సూచన ఉంది. ఆరు నెలల తరువాత చూస్తే పుస్తకం అందుకున్నవారిలో 27 శాతం మంది మందు పూర్తిగా మానారు. అందనివారిలో 5 శాతం. కొత్త మందు లేదు, ఆసుపత్రి లేదు. చదవగలిగిన వచనం మాత్రమే.

దీనికి నిద్ర శిక్షణను జతచేస్తే ఫలితం ఇంకా పెరుగుతుంది. క్యూబెక్‌లోనే చార్లెస్ మోరిన్ బృందం 2004లో ప్రచురించిన పరిశీలనలో, పర్యవేక్షణతో మందు తగ్గించిన వృద్ధుల్లో 48 శాతం మంది మానగలిగారు. తగ్గింపుతోపాటు నిద్ర అలవాట్లను సరిచేసే ప్రవర్తనా చికిత్స కూడా ఇచ్చినవారిలో 85 శాతం మంది మానగలిగారు. ఆ చికిత్సలో మంత్రమేమీ లేదు. నిద్ర వచ్చినప్పుడే మంచమెక్కడం, పట్టకపోతే లేచి మరో గదిలో కూర్చోవడం, ఏ రాత్రి ఎలా గడిచినా ఒకే వేళకు నిద్రలేవడం, పగటి నిద్ర మానడం వంటివి అందులో ప్రధానం. మనకిక్కడ భాష ఆటంకం కాదు, ఇంటి అమరిక ఆటంకం. రెండు గదుల ఇంట్లో నలుగురు పడుకున్నచోట అర్ధరాత్రి లేచి మరో గదికి వెళ్లమనడం పుస్తకంలో రాసినంత సులువు కాదు. తెలుగులో రాసేవారు వసారా అనో, వంటింటి గడప అనో రాయవలసి ఉంటుంది.

అలాంటి తెలుగు పుస్తకం ఎవరు రాసినా కొన్ని నిర్ణయాలు ముందుగా తీసుకోవాలి. మందు పేర్లు కంపెనీ పేర్లుగా కాక మూలపదార్థం పేర్లుగా, అట్ట మీద చిన్న అక్షరాల్లో ఎక్కడ వెతకాలో బొమ్మతో సహా చూపాలి. గ్యాస్ మాత్ర, టెన్షన్ మాత్ర అన్న ఇంటిపేర్లను పక్కనే ఇవ్వాలి, లేకపోతే చదివేవారు ఇది తమ గురించి కాదనుకుంటారు. మొదటి పుటలోనే ‘ఈ రోజే మానేయకండి’ అన్న వాక్యం ఉండాలి. ‘మీరు’ అన్న సంబోధన చాలు, ‘రోగి’ అక్కరలేదు. తారీఖులు వారాలుగా కాక పున్నమి, అమావాస్యలుగా గుర్తుంచుకునే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. రెండు వారాలకొక మెట్టు అన్న పట్టిక వారికి ఆ లెక్కలో చక్కగా కుదురుతుంది.